చెంచా చప్పుడు

పెన్‌డ్రైవ్ గుచ్చి, ల్యాప్‌టాప్ తెర వెలిగేదాకా మెకానిక్ గోళ్లు కొరుక్కున్నాడు. పాత ల్యాప్‌టాప్‌లు కొని అమ్మే ఆ షాపులో అతని పని అదే. ఏ డబ్బా వచ్చినా, బేరం తెగకముందే పెన్‌డ్రైవ్‌లోంచి లినక్స్ అనే సిస్టమ్ నడిపి చూస్తాడు. వైఫై దొరుకుతోందా, కెమెరా వెలుగుతోందా, మూత వేసి తీస్తే మళ్లీ లేస్తోందా. ఏ ఒక్కటి మొరాయించినా పక్కన పడేస్తాడు. షాపులో అందరూ అతన్ని పెన్‌డ్రైవ్ అనే పిలుస్తారు.

ఈ వారం మాత్రం చూస్తున్నది భార్య కోసం.

"పిల్లనిచ్చేవాళ్లు కూడా ఇన్ని ఆరాలు తీయరయ్యా. ఏదో ఒకటి పట్టుకెళ్లు," అన్నాడు యజమాని.

"పదేళ్లు నడవాలి సార్."

గొంతు ఆపరేషన్‌తో భార్యకి మాట పోయింది. అంతకుముందే ఆమె తల్లికి చూపు పోయింది. ఒకే గదిలో రెండు మంచాలు. ఒకరు చెప్పలేరు, ఇంకొకరు చదవలేరు. అతనే ఒక పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఎక్కించి, టైపు చేసింది పైకి చదివే ఏర్పాటు చేశాడు. ఆ గొంతు బస్టాండు అనౌన్స్‌మెంటులా ఉండేది. అయినా తల్లీకూతుళ్లు దాంతోనే పోట్లాడుకునేవారు, దాంతోనే అతని మీద చాడీలు చెప్పుకునేవారు. "నన్ను చూసుకోడానికి వచ్చినప్పుడు తలైనా ఎత్తలేదమ్మా. డబ్బాల్ని మాత్రం తిరగేసి బోర్లేసి చూస్తారు," అని అది ఒకసారి బొంగురుగా పలికితే, ముసలావిడ పొలమారేలా నవ్వింది.

పోయిన వారం దాని బోర్డు కాలిపోయింది. ఫోనులో టైపు చేద్దామంటే ఆ చిన్న మీటలు ఆమె వణికే వేళ్లకి ఇమడవు. అప్పటినుంచీ స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టడమే ఆమె మాట. అవునంటే ఒక దెబ్బ, కాదంటే రెండు. జబ్బు తిరగబెట్టిందనీ, ఇక ఎక్కువ రోజులు లేవనీ డాక్టరు చెప్పనే చెప్పాడు. ఏదో ఒకటి తెస్తే ఆ మాట ఒప్పుకున్నట్టేనని మెకానిక్ భయం.

పొద్దున అతను బయల్దేరుతుంటే ఆమె గొంతు మీద వేలు పెట్టుకుని, ఇదొక్కటి వస్తే చాలని సైగ చేసింది.

"నిన్నటిది మాట్లాడింది గానీ కెమెరా రాలేదు. ఇవాళ మంచిది తెస్తాగా."

ఆమె గ్లాసు మీద రెండుసార్లు కొట్టింది. అతను నవ్వేసి చెప్పులేసుకున్నాడు.

మధ్యాహ్నానికి దొరికింది. వైఫై వచ్చింది, కెమెరా వచ్చింది, మూత తీయగానే లేచింది. ఏం టైపు చెయ్యాలో తోచక "అమ్మా, అన్నం తిన్నావా" అని కొట్టాడు. అదే బస్టాండు గొంతు షాపంతా వినపడేలా అడిగింది. యజమాని కూడా నవ్వాడు.

అప్పుడే ఫోను మోగింది. అత్తగారు.

"బాబూ, గ్లాసు చప్పుడు రావట్లేదు. పిలిచినా లేదు. తడుముకుంటూ వెళ్లి చెయ్యి పట్టుకున్నా. చల్లగా ఉంది."

ల్యాప్‌టాప్ సంచిలో వేసుకునే పరిగెత్తాడు. ఎందుకు వేసుకున్నాడో అతనికే తెలీదు.

సాయంత్రానికి దహనం అయిపోయి, అందరూ వెళ్లిపోయారు. ముసలావిడ తన మంచం మీదే కూర్చుని ఉంది.

"ఆఖర్న ఏదో చెప్పబోయింది బాబూ. అవునూ కాదు, కాదూ కాదు. ఊరికే కొడుతూనే ఉంది. నాకు తెలీలేదు."

కెమెరా ఎందుకు ఆమెకి? వైఫై ఎందుకు? నిన్నటిది తెచ్చి ఉంటే ఆ నాలుగు మాటలూ తల్లి చెవిన పడేవి. అతను గోడకి తల ఆనించి, ముసలావిడకి వినపడకుండా నోరు మూసుకుని ఏడ్చాడు.

ఖాళీ మంచం పక్కన స్టూలు మీద గ్లాసు అలాగే ఉంది, అంచు చుట్టూ చెంచా దెబ్బలకి పడిన సన్నటి సొట్టలతో.