ముప్పావులు ఎన్ని?

నోటిలెక్కల పీరియడ్ మొదలవగానే టీచరమ్మ కిటికీలు మూయించేది. లేకపోతే పిల్లల నెత్తిమీద తేలే బొమ్మలు గాలికి ఒకదాన్నొకటి గుద్దుకుని క్లాసంతా గోల. లెక్క మనసులో ఎలా కనిపిస్తే అలా తలమీద తేలేది ఆ బడిలో. సగంలో సగమంటే ఒకరికి మడతపెట్టిన గుడ్డ, ఇంకొకరికి కోసిన రొట్టె. టీచరమ్మకి మాత్రం ఎప్పుడూ ఒక అడ్డగీత, పైనో అంకె, కిందో అంకె.

"బొమ్మలు దించండి! తిరగేసి గుణించండి, అంతే," అనేది. ఆమెకి నేర్పినవాళ్ళూ అంతే అన్నారు.

ఆ రోజు వెనక బెంచీలో పర్యవేక్షకురాలు కూర్చుంది. పాఠం బాగాలేదని ఇప్పటికే రెండుసార్లు రాసి వెళ్ళింది. ఈసారీ రాస్తే ఉద్యోగం ఊడినట్టే. ఇంట్లో మంచాన పడ్డ తమ్ముడికి మందులొచ్చేది ఆ ఉద్యోగంతోనే.

"పిల్లలూ, రెండు రొట్టెల్లో ముప్పావులు ఎన్నుంటాయి?" అడిగింది పర్యవేక్షకురాలు.

"రెండున్నర!" అంది గిలక. నోరు ఆగదని ఆ పిల్లకి ఆ పేరు. దాని తలమీద రెండు రొట్టెలు తేలాయి. ఒక్కోదాన్నుంచి ముప్పావు విడిపోయింది. మిగిలిన రెండు పావులూ అతుక్కుని అర రొట్టె అయ్యాయి.

"తప్పు," అంది టీచరమ్మ. ఆమె తలమీద అంకెలు పిల్లిమొగ్గ వేశాయి. "రెండూ, మూడింట రెండొంతులు."

"కళ్ళెదురుగా అర కనిపిస్తుంటే తప్పేంటి టీచర్?"

"చెప్పండి మేడమ్, తప్పేంటి?" పర్యవేక్షకురాలు కలం తీసింది.

టీచరమ్మ మనసులో మళ్ళీ లెక్క వేసుకుంది. తిరగేస్తే అంతే వస్తుంది. ఎందుకొస్తుంది? అంకెలు గిరగిరా తిరుగుతున్నాయే తప్ప నోరు విప్పడం లేదు. కాగితంమీద కలం గీరుతున్న చప్పుడు. తమ్ముడి మొహం కళ్ళల్లో మెదిలింది.

"నాకు తెలీదు," అంది చివరికి. "గిలకా, బొమ్మ దించకే. ఇలా వచ్చి మళ్ళీ కొయ్యి."

పిల్ల నెమ్మదిగా మళ్ళీ కోసింది. టీచరమ్మ తలమీది గీత వణికింది, పదునెక్కింది, కత్తై వెళ్ళి ఆ అర రొట్టెను రెండు ముక్కలు చేసింది.

"ఆగవే... మిగిలింది అర రొట్టే. కానీ మనం లెక్కపెట్టేది రొట్టెల్ని కాదు, ముప్పావుల్ని! ఒక్క ముప్పావుకి ఇలాంటి ముక్కలు మూడు కావాలి. మన దగ్గర?"

"రెండే! మూడింట్లో రెండు!" గిలక ఎగిరి గంతేసింది. "ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా టీచర్!"

పర్యవేక్షకురాలు జుట్టులో రాలిన రొట్టెపొడి దులుపుకుంది. రాసిందంతా ఓసారి చదువుకుని, కాగితం చింపేసింది.

"రేపు ఇదే లెక్క దశాంశాల్లో చెప్పండి మేడమ్. నేను ముందు బెంచీలో కూర్చుంటాను."

టీచరమ్మ చెవికి మొదటి మాటొక్కటే ఎక్కింది. రేపు. అంటే ఉద్యోగం నిలిచినట్టే.