కిందికి జరిగిన ఇల్లు

బాబాయి దేవుడిలాంటి మనిషని అమ్మ అనని రోజు లేదు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో ఆయన సూపర్‌వైజరు. మాటలు రాని పిల్లకి పిలిచి పని ఇచ్చాడు, ఈ రోజుల్లో సొంతవాళ్లయినా ఎవరు చేస్తారని అమ్మ మురిసిపోయేది. అక్క కూడా తలూపేది. ఇప్పుడా సంగతి తలుచుకుంటే ఆమెకి ఒళ్లు మండిపోతుంది.

పని దొరికింది చెల్లికి. ఇంట్లో అందరూ గువ్వ అంటారు. ఇరవై దాటిన పిల్ల. మాట చెవిన పడుతుంది గానీ నిలవదు. ఇది అయ్యాక అది, అది అయ్యాక ఇల్లు అని నోటితో చెబితే గాలికి చెప్పినట్టే. తర్వాత ఏం జరుగుతుందో తెలియక చేతులు కొరుక్కునేది. ప్రత్యేక బడిలో టీచరమ్మే దారి చూపించింది. మాట వినగానే పోతుంది, బొమ్మయితే కళ్లెదురుగా ఉంటుంది, రోజంతా బొమ్మల్లో పెట్టు అంది.

అక్క దర్జీ దుకాణంలో బట్టలు కత్తిరిస్తుంది. కత్తెరకీ అట్టముక్కలకీ కొదవ లేదు. పొడుగాటి అట్ట మీద అంటుకునే పట్టీ కుట్టి, తనే బొమ్మలు గీసింది. పైనుంచి కిందికి ఏప్రాన్, మెషిన్లోంచి దుప్పట్లు తీయడం, మడతపెట్టడం, టీ, బండిలో పేర్చడం. అన్నిటికన్నా కింద ఇల్లు, తమ ఇంటికి ఉన్నట్టే నీలం తలుపుతో. ఏ పని అయితే ఆ బొమ్మ పీకి డబ్బాలో వేయాలి. చివరికి ఇల్లొక్కటే మిగులుతుంది. అప్పుడు ఏప్రాన్ తగిలించి, గేటు దగ్గర నిలబడ్డ అక్క దగ్గరికి వచ్చేయాలి.

మొదటి రోజున ఆ అట్ట గోడకి తగిలిస్తూ అక్క బాబాయికి చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

"మార్పు ఏదన్నా ఉంటే పొద్దున్నే అది చూస్తుండగా పెట్టు బాబాయ్. మధ్యలో మాత్రం చెయ్యి పెట్టొద్దు. మనం మాటతో అబద్ధమాడితే దానికి తెలీదు. బొమ్మతో ఆడితే ఇంక దేన్నీ నమ్మదు."

"నా కూతురులాంటిది, నాకు చెప్పాలా?" అని బాబాయి గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు.

కొన్నాళ్లు గువ్వ నిజంగానే గువ్వలా వెళ్లి గువ్వలా వచ్చింది. తర్వాత ఆలస్యం మొదలైంది. మిగతా ఆడవాళ్లంతా వెళ్లిపోయినా గేటు దగ్గర అక్క ఒక్కతే నిలబడి ఉండేది. అడిగితే బాబాయి నవ్వేవాడు.

"ఏం చెయ్యనమ్మా, వెళ్లమన్నా వెళ్లదు. పనంటే దానికంత ఇష్టం. అన్నట్టు ఆ ఇల్లు బొమ్మ మళ్లీ పోగొట్టింది, ఇంకోటి గీసివ్వు."

అక్క గీసిచ్చేది. నాలుగు రోజులు కాకుండానే అదీ పోయేది. ఇంత అజాగ్రత్త ఏమిటే అని అమ్మ కసిరేది.

ఈలోగా ఇంట్లో స్నానానికీ అన్నానికీ గీసిపెట్టిన ఇలాంటి బొమ్మల పట్టీ దగ్గర కూడా గువ్వ తేడాగా ఉండసాగింది. స్నానం బొమ్మ పీకేది, అన్నం బొమ్మ మీద వేలు పెట్టేది, పెట్టి వెనక్కి తిరిగి చూసేది. మళ్లీ బొమ్మ వంక, మళ్లీ వెనక్కి. కంచం ముందు పెట్టినా కూర్చునేది కాదు. ఒకరోజు పట్టీ మొత్తం చింపి పోగులు పెట్టి, మళ్లీ చేతులు కొరుక్కోవడం మొదలుపెట్టింది. ఎన్నేళ్లు పట్టింది ఆ అలవాటు మానడానికి!

ఆ మర్నాడు గువ్వ పనికి వెళ్లాక, దిండు గలీబు మార్చబోతే లోపల్నుంచి గలగలమంటూ బొమ్మలు రాలాయి. గుప్పెడు ఇళ్లు. అన్నిటికీ నీలం తలుపులే. పోయాయనుకున్నవన్నీ అక్కడున్నాయి. పోగొట్టే పిల్లయితే ఏ బొమ్మనైనా పోగొట్టాలి కదా? ఇల్లొక్కటే ఎందుకు దాస్తోంది, ఎవరి నుంచి దాస్తోంది? దుకాణంలో కత్తిరించాల్సిన గుడ్డలు గుట్టగా ఉన్నా అక్క అటు వెళ్లలేదు. పని వదిలే వేళకి కాస్త ముందే లాండ్రీకి చేరి, గేటు దగ్గర ఆగకుండా వెనక తలుపు గుండా లోపలికి నడిచింది.

లోపల ఆవిరి, సబ్బు వాసన, మెషిన్ల రొద. గోడవార నిలిపిన దుప్పట్ల బండి పక్కన ఆగింది. గువ్వ ఆఖరి దుప్పటి పేర్చి, పేర్చే బొమ్మ పీకి డబ్బాలో వేసింది. అట్ట మీద ఇల్లొక్కటే మిగిలింది. మొహం విప్పారింది. ఏప్రాన్ ముడి విప్పుకుంటోంది.

చెవి మీద పెన్సిలుతో బాబాయి వచ్చాడు. అరవలేదు, కసరలేదు. జేబులోంచి మడతపెట్టే బొమ్మ ఇంకోటి తీశాడు. ఇంటిని చేత్తో కిందికి జరిపి, దాని పైన ఈ బొమ్మని అంటించి, గోడ గడియారం సరిచేసినట్టు సరిచేసి వెళ్లిపోయాడు. గువ్వ అట్ట వంక చూసింది, ఆయన వెళ్లిన వైపు చూసింది. ఏప్రాన్ ముడి మళ్లీ వేసుకుంది. పక్క బల్ల దగ్గర ఒకామె నవ్వింది.

"దీని ఇల్లు ఇప్పట్లో రాదులే!"

అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"బాబాయ్!"

మెషిన్ల రొద మీదుగా ఆ కేక వినపడని వాళ్లు లేరు.

"ఏమిటమ్మా, నువ్వెప్పుడొచ్చావ్?"

"ఎన్నాళ్ల నుంచి జరుపుతున్నావ్ ఆ ఇంటిని?"

బాబాయి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇంకో బండెడు మడతపెడితే అరిగిపోతుందా? మిగతావాళ్లకి నోరుంది, గంట కొట్టగానే చెప్పుల్లో కాళ్లు పెట్టేస్తారు. ఇంటికెళ్లి మాత్రం అది చేసేదేముంది?"

"ఇంటికెళ్లి ఏం చేస్తుందో నీకెందుకు? నోరు లేదనేగా నీ ధైర్యం? నోరు లేకే దానికా అట్ట ఇచ్చాం. నువ్వు దాని నోట్లోనే చెయ్యి పెట్టావు!"

అక్క విసురుగా వెళ్లి ఆ మడతల బొమ్మని పీకబోయింది. గువ్వ కీచుమంటూ అడ్డం వచ్చి, రెండు అరచేతులతో అట్టని కప్పేసింది. అక్క చెయ్యి అక్కడే ఆగిపోయింది. గువ్వకి ఇప్పుడు అక్క చెయ్యి అయినా ఒకటే, బాబాయి చెయ్యి అయినా ఒకటే. అన్నీ బొమ్మలు జరిపే చేతులే. అక్క కోపం రెట్టింపయింది.

"నువ్వే తియ్యి," అంది బాబాయితో. "అది చూస్తుండగా నువ్వే తియ్యి. తీసేదాకా ఇక్కడి నుంచి కదల్ను, మెషిన్లు ఆపించమంటే ఆపిస్తాను."

ఇందాక నవ్వినామె తల దించుకుంది. బాబాయి ఆఖరికి మొహం మాడ్చుకుని, గువ్వ చేతుల సందులోంచి ఆ బొమ్మ పీకి జేబులో కుక్కుకున్నాడు. అట్ట మీద ఇల్లొక్కటే మిగిలింది.

గువ్వ దాన్ని చూసింది. బాబాయి చేతుల వంక చూసింది. వెనక్కి తిరిగి బల్ల దగ్గరికి వెళ్లి, ఇంకో దుప్పటి అందుకుంది.

"చూశావా?" అన్నాడు బాబాయి, గొంతులో మళ్లీ ప్రాణం వచ్చినట్టు. "చెప్పలా, పనంటే దానికి ఇష్టమని?"

చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది అక్కకి. చెయ్యెత్తలేదు. అట్టకీ ఆయనకీ మధ్య వెళ్లి, ఆయన వైపు తిరిగి అడ్డంగా నిలబడింది. గువ్వ ఆ దుప్పటి మడతపెట్టింది. ఇంకోటి మడతపెట్టింది. మధ్యమధ్య తలెత్తి చూస్తూనే ఉంది. ఎవ్వరి చెయ్యీ అట్ట మీదికి రాలేదు. అప్పుడు మెల్లగా వచ్చి, ఇంటిని పీకి పిడికిట్లో బిగించి, ఏప్రాన్ విప్పకుండానే గేటు వైపు పరుగెత్తింది.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. గువ్వ నీలం తలుపు తోసుకుని లోపలికి పోయి గోడకి చేరగిలబడింది. అమ్మ కంచం తెచ్చింది. గువ్వ పిడికిలి తెరవలేదు.

"ఇంటికొచ్చేశావు కదే, ఇంకా ఎందుకది? ఇలా ఇవ్వు," అని అమ్మ వేళ్లు విప్పబోతే గువ్వ ఇంకా గట్టిగా బిగించింది.

అక్క జరిగింది చెప్పింది. దిండు గలీబులో దొరికిన ఇళ్లన్నీ తెచ్చి అమ్మ ఒళ్లో పోసింది. అమ్మ ఒక్కొక్కటే తిరగేసి చూస్తుంటే ఫోను మోగింది. బాబాయి. నలుగురిలో పరువు తీసిందనీ, పెద్దా చిన్నా లేదనీ, రేపట్నుంచి ఆ పిల్లని పంపద్దనీ ఆయన అరుస్తున్నది అవతల గోడదాకా వినిపిస్తోంది. ఊరుకోవే, ఊరుకోవే అని జన్మంతా పెద్ద కూతుర్ని ఊరుకోబెట్టిన అమ్మ లేచి నిలబడింది.

"మరిదిగారూ, పంపను. నా పిల్ల ఇంట్లో కూర్చుని కూడా ఇంటికొచ్చానని నమ్మట్లేదండీ. అది నమ్మి ఆ పిడికిలి విప్పేదాకా మీరీ గుమ్మం తొక్కకండి."

ఫోను పెట్టేసి, కంచం పట్టుకుని గువ్వ పక్కనే నేల మీద కూర్చుంది. ఒక్కో ముద్దా కలిపి నోటికి అందించింది. గువ్వ తింటూనే తలుపు వైపు చూస్తోంది. పిడికిలి మాత్రం విప్పలేదు.