పొగ లేవని ఇల్లు

షీవా ఊళ్లో పొద్దున్నే ఎవరూ ఎవర్నీ "బాగున్నావా" అని అడగాల్సిన పని ఉండేది కాదు. తలెత్తి పొగగొట్టం వంక చూస్తే చాలు. పొగ లేచిందంటే ఆ ఇంట్లో మనిషి లేచినట్టే. పొద్దెక్కినా లేవకపోతే గోడ అవతలివాళ్లు వచ్చి తలుపు తట్టేవాళ్లు. పడుచువాళ్లంతా ఫ్యాక్టరీల ఊళ్లకు పోయాక ముసలివాళ్లకు మిగిలిన కాపలా అదొక్కటే.

ఆ కాపలా ఎత్తేసింది రుయిజెనే. చేతికి ఎర్ర పట్టీ కట్టుకుని ఇంటింటికీ తిరిగి, పడుకునే కాంగ్ అరుగుల కింద ఉండే పొయ్యి నోళ్లకు ఇటుకలు పేర్చి, మట్టి మెత్తి, మీద ముద్రేసిన కాగితం అంటించింది. ఊరికి పొగ కాపలాదారు ఆమె. ఎవరో మెడమీద కత్తి పెడితే ఎత్తుకున్న పని కాదది. ఆమె మొగుడు ఆఖరి రెండేళ్లూ కూర్చునే నిద్రపోయాడు. నడుం వాలిస్తే ఊపిరాడేది కాదు. చలికాలమంతా బొగ్గు పొగ ఊరి మీద మీగడలా కట్టుకుని ఉండేది. అందుకే ఆఫీసరు గెంగ్ వచ్చి, "మన ఊపిరితిత్తుల్ని తినే పొగా, భూమిని కాల్చే పొగా ఒకే పొయ్యిలోంచి వస్తున్నాయి. దాన్ని మూసేస్తే ఒకే దెబ్బకు రెండు పిట్టలు" అన్నప్పుడు ఊళ్లో మొదట లేచిన చెయ్యి ఆమెదే.

గెంగ్ చెప్పింది అబద్ధమూ కాదు. పొయ్యిలకు బదులు గ్యాసు గొట్టాలు వచ్చిన రెండో చలికాలానికే ఉత్తరాన కొండలు కనబడ్డాయి. ఎదురింటి మెంగ్ తాతకు దగ్గు తగ్గింది, ఆ మిగిలిన ఊపిరితో తిట్లు పెరిగాయి.

మూడో చలికాలం, తొట్టిలో నీళ్లు అడుగుదాకా రాయైపోయిన వారం, గ్యాసు సన్నగిల్లింది. పట్నాలకే చాలడం లేదట, ఇక ఊళ్లకెక్కడిది! గోడ హీటర్లు కాసేపు గురకపెట్టి ఆరిపోతున్నాయి.

రుయిజెన్ గోడ పక్కన ఫాన్ పెద్దమ్మ ఒంటరిగా ఉంటుంది. ఎనభై రెండేళ్లు. రుయిజెన్ కాపరానికొచ్చిన కొత్తలో పిండి పులియబెట్టడం నేర్పిందీ, తర్వాత రెండు పురుళ్లు పోసిందీ ఆవిడే.

"ఒసే పొగ పోలీసూ," అంది పెద్దమ్మ ఆ సోమవారం, మూడు దూది కోట్లలోంచి మొహం మాత్రం బయటపెట్టి. "నా పొయ్యిలో పిల్లి పడుకుందామని వచ్చి, అదీ చలికి తాళలేక లేచిపోయిందే. రెండు పిడికిళ్లు మొక్కజొన్న చొప్ప ముట్టించుకోనియ్యి."

"టవరు మీద కెమెరా ఉంది పెద్దమ్మా. పిసరంత పొగ లేచినా వాళ్లకు తెలిసిపోతుంది. గురువారం తనిఖీ. పొగలేని ఊరని మనకు జెండా ఇస్తారట. మూడ్రోజులు ఓర్చుకో."

"రెండు పిట్టలన్నాడుగా నీ ఆఫీసరు. మూడో పిట్టని నేనొకదాన్నున్నానని చెప్పలేదా?"

"నోటికేం, వేడిగానే ఉంది నీకు! పోనీ మా ఇంటికొచ్చి పడుకో."

"మీ ఇల్లేమన్నా ఉడికిపోతోందా? ఈ కాంగ్ మీద పెళ్లికూతురిగా కూర్చున్నా. దీని మీంచే లేస్తా."

రుయిజెన్ తన బొంత తెచ్చి కప్పింది. మంగళవారం వేడి జావ పట్టుకెళ్లి తాగించింది. బుధవారం తీరలేదు. వీధులు ఊడ్పించాలి, చొప్ప వాములకు ఆకుపచ్చ వలలు కప్పించాలి. పరుగుమీద ఉండి గోడ మీంచి పెద్దమ్మ పొగగొట్టం వంక చూసింది. పొగ లేదు. అమ్మయ్య అనుకుని, ఫోన్లో ఆ ఇంటి పేరుకెదురుగా 'పొగ లేదు' అని నొక్కింది. ముప్పై ఏళ్లు ఏది చూస్తే గుండె గుభేలుమనేదో, ఆవేళ అదే చూసి సంతోషించింది.

గురువారం గెంగ్ వచ్చాడు, వెంట పైఆఫీసు వాళ్లిద్దరు, ఒక ఫోటోగ్రాఫరు. ఆకాశం కడిగిన పింగాణీ గిన్నెలా ఉంది.

"ఒక ఆదర్శ గృహం చూపించు రుయిజెనక్కా."

ఆమె తిన్నగా ఫాన్ పెద్దమ్మ ఇంటికే తీసుకెళ్లింది. "ఈవిడ ఒక్కనాడూ ముద్ర కదపలేదు. పెద్దమ్మా! నీ బొమ్మ తీస్తారట, పళ్లు పెట్టుకో!" అంటూ తలుపు తోసింది.

పెద్దమ్మ కాంగ్ మీద మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని పడుకుని ఉంది. రుయిజెన్ చెంప ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కుంది.

పొయ్యి ముందు చిన్న చొప్పకట్ట, దాని మీద అగ్గిపెట్టె. ముద్ర కాగితం ఉన్నచోటే ఉంది. ఒక మూల మాత్రం గోటితో లేపి, మళ్లీ తడి అద్ది అంటించినట్టు ముడతలు. ఎవరి పేరు పోకూడదని మళ్లీ అంటించిందో రుయిజెన్‌కు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

"వయసైపోయిందక్కా," అన్నాడు గెంగ్ టోపీ తీసి. "గుండె ఆగి ఉంటుంది. ఈ వయసులో ఎండాకాలమైనా పోతారు." తర్వాత ఫోటోగ్రాఫరుతో, "ఇక్కడొద్దయ్యా. జెండా పంచాయతీ దగ్గర ఇద్దాం" అన్నాడు. గడప దాటబోతూ గొంతు తగ్గించాడు. "పోయినవాళ్ల తల దగ్గర కాగితాలు కాలుస్తారు కదా... ఈ పూటకు ఆపించు. పొగ."

వాళ్ల అడుగుల చప్పుళ్లు దూరమయ్యాక రుయిజెన్ కాగితం చింపింది. మట్టి పెళ్లగించి ఇటుకలు ఒక్కొక్కటే లాగింది. చొప్ప కుక్కి అగ్గిపుల్ల గీసింది. మూడేళ్లు మూతబడ్డ పొయ్యి మొదట పొగంతా ఆమె మొహానే కక్కింది. కళ్లు ధారగా కారాయి. తర్వాత పొగను గొట్టం అందుకుంది. కాసేపటికి కాంగ్ వెచ్చబడింది. పెద్దమ్మ పాదాలు వెచ్చబడలేదు.

ఫోను మోగింది. గెంగ్.

"ఎవరిదక్కా ఆ పొగ? కెమెరాలో పడింది! ఎవరిల్లు?"

"ఆదర్శ గృహం," అని పెట్టేసింది.

బయట ఎదురింటి తలుపు కిర్రుమంది. మెంగ్ తాత కర్ర టకటకలాడించుకుంటూ వీధిలోకొచ్చాడు. తలెత్తి చూసి ఉంటాడు, మూడేళ్ల తర్వాత గొంతు నిండా నవ్వాడు.

"ఏమే ఫానూ! లేచావన్నమాట! నిన్నట్నించీ అలికిడి లేకపోతే పోయావనుకున్నానే ముసలి పీనుగా!"

రుయిజెన్ ఇంకో పిడికెడు చొప్ప పొయ్యిలోకి తోసింది.