పాతదనం నాబ్

మా అన్నయ్య నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు పూడ్చడానికే నన్ను కన్నానని అమ్మ అంటూ ఉండేది. అన్నయ్య కీబోర్డు వాయిస్తాడు, బేరాలూ తగాదాలూ నేను చూసుకుంటాను.

అన్నయ్య దగ్గర పాతకాలపు సింథసైజర్ ఒకటి ఉంది. ఇద్దరు మోస్తే గాని కదలదు. పైగా దానికో రోగం: వేడెక్కేకొద్దీ శ్రుతి దిగిపోతుంది. అందుకని అన్నయ్య కుడిచేత్తో వాయిస్తూ, ఎడమ చెయ్యి శ్రుతి మార్చే గుండ్రటి నాబ్ మీద ఉంచుతాడు. స్వరం జారగానే పైకి లాగుతాడు, వెంట్రుకవాసి ఎక్కువే లాగి మళ్లీ సర్దుతాడు. అలా చేస్తున్నట్టు తనకే తెలియదు.

కిందటేడు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు ఇంటికొచ్చారు. పాత సింథసైజర్ల ధ్వని కంప్యూటర్లో పలికేలా చేసి అమ్ముతారట. “మీరు మీట నొక్కి ఊరుకోండి సార్, మెషీన్ ఎలా పలికితే అలాగే కావాలి” అన్నారు. అన్నయ్య బుద్ధిగా ఒక్కో మీటా నొక్కాడు, వాళ్లు రికార్డు చేసుకున్నారు. ఎడమ చెయ్యి మాత్రం ఊరుకోలేదు. అది తనకీ పట్టలేదు, వాళ్లకీ పట్టలేదు.

ఇన్నాళ్లూ ప్రకటనలకు ముక్కలు ముక్కలుగా వాయించుకుంటున్న అన్నయ్యకు మొన్న ఒక పూర్తి నాటకానికి సంగీతం చేసే అవకాశం వచ్చింది. ఆ ఆనందంతో వారం పాటు మనిషి నేలమీద నడవలేదు. మెషీన్‌ను రికార్డింగు గదికి ఇద్దరం మోసుకెళ్లాం. వాయించాడు. దర్శకుడు కళ్లు మూసుకుని విన్నాడు.

సౌండ్ ఇంజనీరు హెడ్‌ఫోన్లు తీశాడు. “సార్, ఈ సౌండ్ మన సాఫ్ట్‌వేర్‌లో ఉందండీ.”

కంప్యూటర్ తెర మీద ఆ కంపెనీ వాళ్లదే, మా మెషీన్ లాంటి చెక్కపెట్టె బొమ్మ తెరిచాడు. మధ్యలో పెద్ద నాబ్, దాని కింద ‘పాతదనం’ అని రాసి ఉంది. ఒక మీట నొక్కాడు. స్వరం జారింది, లేచింది, వెంట్రుకవాసి దాటింది, సర్దుకుంది.

“అచ్చం అదే కదండీ. ఈయన దీన్ని విని బాగా ప్రాక్టీస్ చేసినట్టున్నారు.”

నా అరికాలి మంట నెత్తికెక్కింది.

“తాతకు దగ్గులు నేర్పుతున్నావా బాబూ? అన్నయ్యా, ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని వాయించు.”

అన్నయ్య నేను చెప్పినట్టే చేశాడు. స్వరం జారింది. జారి అక్కడే ఉండిపోయింది.

“విన్నారా? మెషీన్‌కు జారడం ఒక్కటే వచ్చు. లేపేది మా అన్నయ్య. మీరు కొనుక్కున్నది మా అన్నయ్య చెయ్యి.”

ఇంజనీరు ముఖం చిన్నబోయింది. గెలిచామనే అనుకున్నాను.

దర్శకుడు గడ్డం నిమురుకున్నాడు. “అద్భుతం అమ్మా, నిజంగా. అయినా ఆయన చెయ్యి ఎలాగూ ఇందులో ఉందన్నారు కదా, దీంతోనే కానిచ్చేద్దాం. ఇంత బరువు రోజూ మోయడం మీకు మాత్రం కష్టం కాదూ?”

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా. మా వస్తువు చూపించి, మా నిజం మేమే నిరూపించుకుంటే, దాన్నే మా మీదికి తిప్పాడు.

ఇంజనీరుకు ప్రాణం లేచొచ్చింది. “ఎంత కావాలంటే అంత పెట్టుకోవచ్చు సార్” అంటూ నాబ్‌ను సున్నాకు తిప్పి మీట నొక్కాడు. స్వరం కర్రలా నిలబడింది.

“అబ్బే, ప్రాణం లేదు. పెంచు” అన్నాడు దర్శకుడు.

నేను నోరు తెరిచేలోగా అన్నయ్య మాట్లాడాడు. గొంతు పెంచలేదు.

“అంటే చెయ్యి ఉంచుకుంటారు. మనిషిని పొమ్మంటారు.”

“అయ్యో, అలా అనుకోకండి. కృతజ్ఞతల్లో మీ పేరు వేయిస్తాం.”

అన్నయ్య ప్లగ్గు పీకి తీగ చుట్టాడు. “నువ్వా చివర పట్టుకో” అన్నాడు నాతో. ఆ గదిలో అనడానికి నా దగ్గర బోలెడు మాటలున్నాయి. అన్నయ్య ముఖం చూసి అన్నీ మింగేసి, ఆ చివర పట్టుకున్నాను.

మెషీన్ మోసుకుని ఇద్దరం మెట్లు దిగుతుంటే, వెనక గదిలో అన్నయ్య వాయిస్తూనే ఉన్నాడు.