మావయ్య చేసిన చెక్క క్లాంపులు

మా మావగారి చేతిలో చెక్క క్లాంపు చూసిన రోజున నేను నిజంగానే నోరెళ్ళబెట్టాను. మళ్ళీ మూసుకోవడానికి కాసేపు పట్టింది.

ఆయన సంగతి నాకు తెలియనిదా! గిటార్లూ వయొలిన్లూ బాగుచేసే ఈ దుకాణంలో ఇరవై రెండేళ్ళుగా ఆయన ఎదురుబల్ల నాదే. పెళ్ళయి వచ్చిన కొత్తలో, పైన ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక కింద దుకాణంలోకి దిగాను. దిగినదాన్ని దిగినట్టే ఉండిపోయాను. మా ఆయన బస్సు నడుపుతారు, ఆయనకి చెక్కంటే తలుపూ కుర్చీ, అంతే. కొడుక్కి రాని పని కోడలికి వచ్చిందని మావగారు ఊరందరి దగ్గరా చెప్పుకుంటారు గానీ, నా మొహం మీద ఒక్కసారీ అన్న పాపాన పోలేదు. "పర్లేదు" అన్నారంటే అదే నాకు శాలువా కప్పినట్టు.

అలాంటి మనిషికి ఇనప క్లాంపులంటే ప్రాణం. ముప్ఫై ఉన్నాయి, వాళ్ళ నాన్న నాటివి, గోడకి వరసగా వేలాడుతుంటాయి. అతికించాల్సిన రెండు చెక్కలకీ జిగురు రాసి, క్లాంపు నోట్లో పెట్టి, మర పిడి పట్టుకుని బిగుసుకునేదాకా తిప్పాలి; జిగురు ఆరేదాకా అదే అదిమి పట్టుకుంటుంది. ఒకసారి పనిముట్లు అమ్మే అతను చెక్క క్లాంపు తెచ్చి చూపిస్తే, "తీసుకెళ్ళి మీ పిల్లలకివ్వు, ఆడుకుంటారు" అన్నారు. పాపం అతను మళ్ళీ మా గడప తొక్కలేదు.

ఆ మనిషి, డెబ్బై నాలుగేళ్ళ వయసులో, సోమవారం పొద్దున్నే పాత పియానో కాళ్ళు కోసి, బల్ల మీద చెక్కముక్కలు పరుచుకుని కూర్చున్నారు. పక్కన ఒక క్లాంపు అప్పటికే తయారై ఉంది.

"ఏమిటివి మావయ్యా?"

"కళ్ళు లేవా?"

"ఉన్నాయి కాబట్టే అడుగుతున్నా. జ్వరంగానీ తగిలిందా మీకు?"

"చిన్న రంపం ఇలా ఇవ్వు" అన్నారు. ఆయన దగ్గర జవాబు రాబట్టడం కంటే రాయి పిండి నీళ్ళు తియ్యడం తేలిక.

ఇక్కడ నా గుట్టు ఒకటి చెప్పాలి, లేకపోతే నా కంగారు మీకు అర్థం కాదు. నా కుడిచేతి బొటనవేలు మొదట్లో ఉండే కీలు అరిగిపోయింది. ఏడు నెలల కిందట ఎవరికీ చెప్పకుండా వెళ్ళి చూపించుకున్నాను. "తిప్పడం, పిండడం, వేళ్ళతో గట్టిగా పట్టుకోవడం తగ్గించండమ్మా" అన్నాడు డాక్టరు, ఉప్పు తగ్గించమన్నంత సులువుగా. నా పనిలో అవి తీసేస్తే మిగిలేది ఊడవడమే! వేలికి కట్టుకోమని ఇచ్చిన పట్టీ దారాల డబ్బాలో అడుక్కి తోసేశాను.

మావగారికి తెలిస్తే బల్ల మీంచి లేపేస్తారు. అందులో నాకు అనుమానం లేదు. సొంత తమ్ముణ్ణే, చూపు తగ్గిందని ఒక్కరోజులో లేపేసి, ముందుగదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆ చినమావగారు ఆ కుర్చీలో దుమ్ముగుడ్డ పట్టుకుని రెండేళ్ళు కూర్చుని, అలాగే పోయారు. ఆ కుర్చీ ఇంకా అక్కడే ఉంది. నేను దాని వైపు చూడను.

అందుకని ఏడు నెలలుగా నాటకాలాడుతున్నాను. క్లాంపు బిగించేటప్పుడు ఆయన అటు తిరిగితే ఎడమచేత్తో తిప్పుతాను. ఇటు తిరిగితే "తుప్పు పట్టి చచ్చాయి, కాస్త నూనె వెయ్యండి వీటికి" అని ఇనుము మీద కేకలేస్తాను. నాకు ముక్కు మీద కోపమని అందరికీ తెలుసు కాబట్టి, నొప్పికి అరిచినా కోపానికి అరిచినట్టే ఉంటుంది. ఆ సదుపాయం ఒకటుంది నాకు.

సోమవారం, మంగళవారం ఆయన అదే పని. నేను కోపంగా చూస్తూనే నేర్చుకున్నాను కూడా. సన్నటి ఇనపపట్టీకి పైన ఒక చెక్క దవడ, బిగించేసి. కింద ఇంకో దవడ, పైకీ కిందకీ జరిగేది. ఆ కింది దవడని పొడుగునా రంపంతో కోస్తారు, పైన పలచటి నాలుక లాగా మిగిలేట్టు. కొయ్యకముందే, కోత ఆగేచోట చిన్న రంధ్రం పెట్టాలి. లేకపోతే బిగించగానే చీలిక అలా పాకిపోతుంది. ఆ కోతలో, ఒక మేకు మీద తిరిగేట్టు, గుడ్డు ఆకారంలో చెక్కిన చిన్న మీట. మీట నొక్కితే దాని లావు భాగం పైకొచ్చి నాలుకని ఎత్తుతుంది, నాలుక వెళ్ళి పనిని అదుముతుంది. అంతే. తిప్పేది లేదు, పిండేది లేదు.

తిప్పేది లేదు! మంగళవారం మధ్యాహ్నం ఆ మాట తట్టగానే నా చేతిలో గరుకు కాగితం ఆగిపోయింది. తిప్పలేని చెయ్యి ఎవరిదో ఉందన్నమాట. ఓరి దేవుడా, ముసలాయన చేతులు పోయాయి! నాకు చెప్పకుండా దాచుకుంటున్నారు! కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, కాస్త ఊరట కూడా కలిగింది. ఇద్దరిదీ ఒకటే గతైతే ఎవరు ఎవర్ని లేపుతారు?

తేల్చుకుందామని, మూత బిగుసుకుపోయిన వార్నిష్ డబ్బా ఒకటి తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. దాంతో నేను పొద్దున్నుంచీ కుస్తీ పడుతున్నాను. "ఇది కాస్త తీస్తారా, చేతికి నూనైంది."

ఆయన తల కూడా ఎత్తలేదు. ఒక్క మెలిక. మూత ఊడి బల్ల మీద గిర్రున తిరిగింది. నేను కొయ్యబారిపోయాను. ఆ చేతులకి ఏ రోగమూ లేదు. ఇంకో పాతికేళ్ళు క్లాంపులు తిప్పుతాయవి.

మరి ఎవరి కోసం?

బుధవారం దానికీ జవాబు దొరికిందనుకున్నాను. వయొలిన్ ఇవ్వడానికి ఒక కాలేజీ పిల్ల వచ్చింది. పుల్లల్లాంటి చేతులు. మావగారు ఆ పిల్లకి క్లాంపు ఇచ్చి, "ఈ మీట నొక్కమ్మా. తేలిగ్గా ఉందా?" అనడం నా చెవులతో విన్నాను.

"చాలా తేలిగ్గా ఉంది తాతగారూ!"

"పని నేర్చుకుంటావా ఏంటి?" అని నవ్వారు. నాతో నవ్వి ఎన్నేళ్ళయిందో!

అయిపోయింది. నా బల్లకి మనిషిని చూసుకుంటున్నారు. అందుకే చెక్క క్లాంపులు, అందుకే ఈ హడావిడి. ముందుగదిలో ఆ కుర్చీ నన్నే చూస్తున్నట్టు అనిపించింది. ఒళ్ళు మండిపోయింది నాకు. ఇరవై రెండేళ్ళు! ఒక్క మాట నా మొహాన చెప్పి ఉంటే పోయేది కదా!

గురువారం భోజనాల ముందు నా సత్తా చూపించాలని పంతం పట్టాను. ఒక గిటారు వెనక పలక విప్పి లోపల బాగుచేశాం, దాన్ని మళ్ళీ అతికించాలి. పాట కచేరీలు చేసే ఆవిడది, శనివారం వస్తుంది. "ఇది నేనొక్కదాన్నే వేస్తా. ఇనప వాటితోనే" అన్నాను, ఇనప అన్న మాట నొక్కి.

"పర్లేదా?" అన్నారు.

"నాకేం రోగం?"

అంచు చుట్టూ జిగురు రాశాను, పలక పెట్టాను. పది నిమిషాల్లో జిగురు గట్టిపడడం మొదలవుతుంది, ఆలోగా చుట్టూ క్లాంపులు పడిపోవాలి. కుడిచేత్తోనే తిప్పాను, ఆయన చూస్తుండగా. నాలుగోదానికి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఆరోదానికి పళ్ళు బిగబట్టాను. తొమ్మిదోది తిప్పుతుండగా బొటనవేలు మొదట్లో కత్తి దిగినట్టయింది, చెయ్యి దానంతటదే తెరుచుకుపోయింది. ఇనప క్లాంపు దభీమని నేల మీద పడింది. పడుతూ పక్కదాన్ని కూడా లాక్కుపోయింది. అతుకు నోరు తెరిచింది, పలక అంచు జానెడు పొడవున పైకి లేచిపోయింది.

నేను చూస్తూ నిలబడ్డాను. నిజం చెప్తున్నా, అడుగు తీసి అడుగు వెయ్యలేకపోయాను. జిగురు గట్టిపడుతోందని తెలుసు, గిటారు పాడైపోతుందని తెలుసు, చెయ్యి మాత్రం రాలేదు.

మావగారు చెక్క క్లాంపుల పెట్టె తెచ్చి ధన్ మని బల్ల మీద పెట్టారు. ఒకటి తీసి అంచుకి తగిలించి, "నొక్కు. బొటనవేలితో కాదు, అరచేతి అడుగుతో" అన్నారు.

బొటనవేలితో కాదు! నేను గిటారు సంగతి మర్చిపోయి ఆయన మొహంలోకి చూశాను.

"నన్ను చూడకు, నొక్కు!"

నొక్కాను. మీట కిందకి దిగింది, నాలుక పలకని అదిమింది, అంచున జిగురు పూసల్లా బయటికొచ్చింది. నొప్పి లేదు. ఆయన తగిలించడం, నేను నొక్కడం. పన్నెండు వేశాం. అయిదో ఆరో వేసేటప్పుడు గమనించాను, ప్రతి మీట చివరా కాస్త గుంటగా నున్నగా చెక్కి ఉంది. నా అరచేతి కింది దిమ్మ అందులో సరిగ్గా ఇమిడింది. అంత సరిగ్గా నా చెప్పులు కూడా నాకు సరిపోవు.

పని అయ్యాక కుర్చీలో కూలబడ్డాను. "మీకెవరు చెప్పారు?"

మావగారు సొరుగు లాగి, లోపల్నుంచి చీలిపోయిన చెక్క క్లాంపులు తీసి ఒక్కొక్కటే బల్ల మీద పెట్టారు. ఏడు. అన్నీ నాలుక మొదట్లో చీలినవే. రంధ్రం పెట్టాలని అప్పటికింకా తెలియదన్నమాట. ప్రయోగం చేసిన ప్రతిదాని మీదా తేదీ రాయడం ఆయన అలవాటు. మొదటిదాని మీద పెన్సిలు తేదీ చదివాను. మళ్ళీ చదివాను. నేను డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి రెండు నెలల ముందుది.

నా చెయ్యి పాడైందని నాకంటే ముందు ఈయనకి తెలుసు!

నాకు బిత్తరపోయినప్పుడు కూడా కోపమే వస్తుంది, ఏం చెయ్యను? "తెలిస్తే తెలిసింది, అయితే ఏమిటట? ఈ తొమ్మిది నెలల్లో నేను వేసిన అతుకు ఒక్కటైనా ఊడిందా? ఒక్క గిటారైనా తిరిగొచ్చిందా? చెప్పండి! ఈ చేత్తోనే కదా వేశాను!"

ఆయన చేతుల మీది జిగురు గుడ్డతో తుడుచుకుంటూ, తుడుచుకుంటూ, చివరికి అన్నారు.

"నువ్వు భోజనానికి పైకెళ్ళాక నేను చేతులు కడుక్కుంటాను కదా."

మొదట అర్థం కాలేదు. మేం రోజూ అతుకులు వేసేది మధ్యాహ్నం భోజనం ముందే. నేను ముందు పైకెళ్ళి కంచాలు పెడతాను. ఆయన "చేతులు కడుక్కుని వస్తా" అని వెనకాల వస్తారు. ఒకప్పుడు వెంటనే వచ్చేవారు. ఈ మధ్య ఆ కడుక్కోవడం పది నిమిషాల తతంగమైపోయింది. "చేతులకి చిత్రిక పడుతున్నారా మావయ్యా?" అని నేనే ఎన్నిసార్లు వెక్కిరించాను!

"రోజూనా?" అన్నాను.

"కొన్ని బాగానే ఉండేవి."

"మిగతావి?"

"ఒక అర చుట్టు. అంతే."

తొమ్మిది నెలలుగా నా పని అని మురిసిపోయిందంతా, నేను మెట్లెక్కాక ఆయన చేసిందే. నేను ఆయన్ని మోసం చేస్తున్నాననుకుంటుంటే, ఆయన నా అబద్ధాన్ని రోజూ అర చుట్టు బిగించి నిలబెడుతున్నారు.

"నన్ను వెర్రిదాన్ని చేశారు" అన్నాను. ఏడుపు ఆగలేదు. "ఒక్క మాట అడగకూడదా? చినమావయ్యని లేపినట్టు నన్నూ లేపేస్తారని చచ్చిపోతున్నాను ఇక్కడ!"

"వాడికి కళ్ళు చేసివ్వడం నాకు రాదు" అన్నారు. "క్లాంపు వచ్చు."

ఒక చెక్క క్లాంపు చేతిలోకి తీసుకుని మీట పైకీ కిందకీ ఆడించారు. "దీనికి చుట్లు లేవమ్మాయ్. నువ్వు నొక్కితే పడుతుంది, నొక్కకపోతే లేదు. వెనకాల వచ్చి అర చుట్టు తిప్పడానికి ఎవరికీ వీలుండదు. అందుకే చేశాను. నేనెన్నాళ్ళని చేతులు కడుక్కుంటూ కూర్చోను, చెప్పు?"

డెబ్బై నాలుగేళ్ళ మనిషి లెక్క వేసింది నా చేతికి కాదు, తన తర్వాతి రోజులకి.

గిటారు చుట్టూ ఒకసారి తిరిగి, పన్నెండు మీటలూ ఒక్కొక్కటే అరచేతి అడుగుతో మళ్ళీ నొక్కి చూశాను. ఏ ఒక్కటీ కదల్లేదు. అప్పుడు, "భోజనానికి రండి" అని మెట్ల వైపు నడిచాను.

సగం మెట్లెక్కేసరికి వెనక అడుగుల చప్పుడు వినిపించింది. తిరిగి చూశాను. మావగారు. నా వెనకే వచ్చేస్తున్నారు, వేళ్ళ సందుల్లో జిగురు అలాగే ఉంది.