పాపం అనిపించుకున్న పిట్ట

సరస్సు దగ్గర పిట్టల్ని లెక్కపెట్టేవాళ్ళంతా పెద్దకోడల్ని డేగకళ్ళు అనేవారు. వారమంతా మిషను ముందు కూర్చుని ఊరివాళ్ళ బట్టలు కుట్టే ఆ కళ్ళే తొమ్మిదేళ్ళుగా వలస పిట్టల మీదా పనిచేస్తున్నాయి. ఇంట్లో ఎవరూ ఆమెని దేనికీ మెచ్చుకున్నది లేదు. ఉన్నదల్లా ఆ పేరే.

ఆమె తోడికోడలు ఈ పనిలోకి వచ్చి మూడు వారాలు. మెళ్ళో దుర్భిణి కూడా పెద్దకోడలి దగ్గర ఎరువు తెచ్చుకున్నదే.

ఆ ఆదివారం పొద్దున్నే చిన్నకోడలు వగరుస్తూ గట్టు మీది గదిలోకి వచ్చింది.

"తాతగారూ, చిన్న పిట్టండీ, నీళ్ళమీద కూర్చుని బొంగరంలా తిరుగుతోంది. తిరుగుతూనే పొడుచుకు తింటోంది. ముక్కు సూదిలా ఉంది. కంటి పక్కన కాటుక చెరిగినట్టు నల్లమరక."

రిజిస్టరు రాసే తాతగారు కళ్ళజోడు తీశాడు. "ఫలరోప్ అమ్మా అది. సముద్రం మీద తిరిగే పిట్ట. సుడి తిప్పి పురుగుల్ని పైకి లాక్కుంటుంది. నా ఎరుకలో ఇక్కడ దిగనే లేదు."

అందరూ పరిగెత్తారు. అప్పటికే ఎవరిదో చేపల బోటు వెళ్ళిన అలలు తప్ప నీళ్ళమీద ఏమీ లేదు.

పెద్దకోడలు భుజానున్న సంచిని దగ్గరికి లాక్కుంది. అందులో ఉన్న నోటుపుస్తకంలో ఏం రాసిందో ఆమెకి తెలుసు. 'గురువారం. తూర్పు రెల్లు పక్కన ఉల్లంకి పిట్ట ఒకటి. రెక్క విరిగినట్టుంది, గిరగిరా తిరుగుతోంది, పాపం.' ఆ రోజు చూడలేక మొహం తిప్పుకుంది. తొమ్మిదేళ్ళ చూపు ఒక్క పాపం దగ్గర మూతపడింది.

"ఫొటో లేదు," అన్నాడు తాతగారు, అందరూ మళ్ళీ గదిలోకి వచ్చాక. "ఇలాంటి పిట్టకి వేరే రోజు చూసిన ఇంకొకరి రాత కావాలి. లేకపోతే రిజిస్టరుకెక్కదు. డేగకళ్ళూ, నీకేమైనా కనిపించిందా?"

"మాకెక్కడ కనిపిస్తాయండీ. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, కొత్తవాళ్ళకే అన్నీ కనిపిస్తాయి."

లెక్కలవాళ్ళకి బోటు నడిపేవాడు కిసుక్కున నవ్వాడు. చిన్నకోడలు మాత్రం తలూపింది. "పోనీలెండి తాతగారూ. అక్క చూడలేదంటే అది లేనట్టే. ఏ ఆకు తిరుగుతుంటే పిట్టనుకున్నానో."

అందులో వెటకారం లేదు. ఉంటే బాగుండునని పెద్దకోడలు వెతికింది. ఎదురు తిరిగితే నాలుగు మాటలని కడిగేసేది. ఇది మాత్రం ఆమె మాట నమ్మి, తన కళ్ళనే కాదనుకుంటోంది.

సంచి తెరిచి పుస్తకం బల్లమీద పడేసింది. "గురువారం చూడండి."

తాతగారు పాపంతో సహా పైకి చదివాడు.

"డేగకళ్ళకి శుక్లాలొచ్చాయి," అన్నాడు బోటువాడు. గదంతా నవ్వింది. ఆమె చెవులు కాలాయి.

"ముందు చూసింది నువ్వే కదమ్మా, నీ పేరు పైన రాయనా?" అడిగాడు తాతగారు.

ఆమె చిన్నకోడలివైపు చూసింది.

"గుర్తుపట్టింది అది. దాని పేరే రాయండి."

గట్టు దిగుతుంటే చిన్నకోడలు పక్కకొచ్చి, "అక్కా..." అంది.

"దుర్భిణి ఇలా తే. వచ్చేవారానికి నీది నువ్వు కొనుక్కో."

తీసుకుని తూర్పు రెల్లువైపు నడిచింది. అక్కడ కుంటుతున్న ఉల్లంకి ఒకటి కనిపించింది. నిజంగానే కుంటిది. అయినా అది ఎగిరిపోయేదాకా కళ్ళు తిప్పలేదు.