నీడలో నిలిపిన బండి

ఆ పట్టణం పేరు చెప్పను. చెబితే చుట్టుపక్కల పట్టణాలవాళ్లు తమది కాదని గుండెల మీద చెయ్యి వేసుకొని నిద్రపోతారు. అనంతపురం సీమలో ఒక పట్టణం, అంతవరకు చాలు. అందులో ఒక ఆసుపత్రుల వీధి ఉంది. ఆ వీధిలో అడుగడుగునా ‘ఇక్కడ వాహనాలు నిలపరాదు’ అనే బోర్డు ఉంది. ఎక్కడ నిలపాలో చెప్పే బోర్డు మాత్రం ఊరంతా గాలించినా ఒక్కటి దొరకదు. పాఠకులారా, మీ ఊళ్లో అలాంటి బోర్డు ఉందేమో ఒకసారి గుర్తు చేసుకొని తరువాత ఈ కథ చదవండి.

మార్చి నెల. పొద్దున్నే లింగప్ప, అతని భార్య తిప్పమ్మ ఒక లగేజీ ఆటోలో ఆ పట్టణం మీదుగా తమ ఊరికి పోతున్నారు. వాళ్లది తనకల్లు వైపు ఒక పల్లె. ఆటో తిప్పమ్మ తమ్ముడు తిప్పేస్వామిది, నడుపుతున్నది లింగప్ప. వెనక ట్రేల నిండా పట్టుపురుగుల పిల్లలు ఉన్నాయి. గుడ్లు పొదిగించి పిల్లపురుగులను సాకి అమ్మే కేంద్రం నుంచి తెల్లవారుజామునే తెచ్చుకొంటున్నారు. రెండో జ్వరం లేచిన పురుగులవి. పురుగు పొర విడవడాన్ని రైతులు జ్వరం అంటారు. ఆ వయసులో వాటికి చల్లదనం కావాలి, తడి కావాలి. ఎండ తగిలితే బతకవు. అందుకే ట్రేల మీద తడిపిన గోనెపట్టలు కప్పి, వాటి మీద టార్పాలు కట్టారు. పురుగులకు వాసన పడదని తిప్పమ్మ ఆ రోజు తలలో పువ్వు పెట్టలేదు, మొహానికి పౌడరు కూడా రాయలేదు.

వేరుశనగ ఏళ్ల తరబడి చేయిచ్చిన తరువాత లింగప్ప ఉన్న ఒక్క బోరును నమ్ముకొని మల్బరీ పెట్టాడు. ఇప్పుడు ఆ బోరు కూడా ఆగి ఆగి పోస్తోంది. తోటలో ఆకు ఈ ఒక్క పంటకు సరిపోతుంది. ఇది దాటితే వానలు పడేదాకా ఆకు లేదు, పురుగు లేదు. షెడ్డు కడిగి, సున్నం చల్లి సిద్ధం చేసి వచ్చారు. ఎండ ఎక్కకముందే ఇల్లు చేరితే ఈ ఏడు గట్టెక్కినట్టే అనుకొన్నారు ఇద్దరూ.

పట్టణం పొలిమేరలో తిప్పమ్మ చెయ్యి ఆటో కడ్డీ మీద బిగుసుకొంది. “ఏమయ్యో, కండ్లు తిరుగుతాండాయి. ఎదలో పట్టేసినట్టుండాది” అంది.

పురుగులు వెనక ఉన్నాయని లింగప్పకు గుర్తున్నా, పెళ్లాం ముందు ఉంది కదా. నేరుగా ఆసుపత్రుల వీధికి తిప్పి, నాలుగంతస్తుల మేడ ముందు ఆపాడు. మేడ కిందికి ఒక ఏటవాలు దారి దిగుతోంది. దానికి అడ్డంగా గొలుసు కట్టి ఉంది.

“అన్నా, బండి కింద పెట్టుకోనీ. పురుగులుండాయి, చల్లగుంటాది” అని కాపలావాడిని అడిగాడు.

“కింద యాడుందప్పా జాగా? మందుల షాపు, స్కానింగు, క్యాంటీను, అన్నీ ఆడే ఉండాయి. రోడ్డు మీద పెట్టుకో పో” అన్నాడు కాపలావాడు.

రోడ్డు మీద పెట్టమని చెప్పిన కాపలావాడి నెత్తి మీదే ‘నిలపరాదు’ బోర్డు ఉంది. బోర్డు కింద మేడ యజమాని తెల్ల కారు నిలిచి ఉంది. ఆ కారు అక్కడ ఉన్నంతకాలం ఆ బోర్డు ఎవరి కోసం రాశారో నాకు అర్థం కాదు. లింగప్ప కాస్త దూరంలో ఒక వేపచెట్టు కనిపిస్తే దాని నీడ పురుగుల మీద పడేలా ఆటో నిలిపాడు. తాళం బండికే వదిలేశాడు.

మరిచిపోయి కాదు. వాళ్ల ఊళ్లో అందరూ అంతే. ఇరుకు సందుల్లో ఒకరి బండి ఇంకొకరికి అడ్డం రాక తప్పదు. వచ్చినవాడు కేకలు వేయనక్కర్లేదు, తనే తాళం తిప్పి బండి పక్కకు తీసి, ఎండగా ఉంటే నీడ చూసి పెట్టి తన దారిన తాను పోతాడు. తాళం జేబులో వేసుకొని పోయినవాడిని ఊరంతా తిట్టుకొంటుంది. తన బండి ఎవరికైనా అడ్డమైతే తీసుకోవడానికి వీలుండాలని లింగప్ప తాళం వదిలాడు. ఈ పట్టణంలో అతను చేసిన నేరం అదొక్కటే.

లోపల డాక్టరు తిప్పమ్మకు రక్తపోటు చూసి, మాత్ర ఇచ్చి, కాసేపు పడుకోబెట్టమన్నాడు. ఆమె పడుకొని కూడా “పురుగులు చూసొస్తివా?” అని అడుగుతూనే ఉంది. “నీడలో ఉండాయిలే, పండుకో” అని లింగప్ప సర్దిచెప్పాడు.

ఆ సమయానికే బండ్లు ఎత్తుకుపోయే వ్యాను వీధిలోకి వచ్చింది. ఎన్ని బండ్లు ఎత్తితే అంత కూలి అని పోలీసులు పెట్టుకొన్న కాంట్రాక్టరు మనుషులకు ఒప్పందం. తెల్ల కారు పక్క నుంచి వ్యాను ఎంతో మర్యాదగా, దానికి గీత పడకుండా జరిగి పోయింది. వేపచెట్టు కింద ఆగింది. తాళం వేలాడడం చూసి వాళ్లు నవ్వుకొన్నారు. ఎత్తే శ్రమ కూడా లేదు. వెంట వచ్చిన హోంగార్డు శశికుమార్ టార్పాలు ఒక మూల లేపి చూశాడు. తడి గోనెపట్ట కింద ఏవో సన్నపురుగులు మెదిలాయి. టార్పాలు దించి, ఆటో ఎక్కి నడుపుకొంటూ పోయాడు.

తిప్పమ్మను నడిపించుకొంటూ బయటికి వచ్చిన లింగప్పకు చెట్టు కింద ఆటో కనిపించలేదు. అతను కంగారు పడలేదు.

“ఎవురికో అడ్డమయిండాది. ఎండ కూడా తిరిగినాది గదా, పక్కన నీడకు పెట్టింటారు” అన్నాడు.

ఇద్దరూ వెదకడం మొదలుపెట్టారు. పక్క సందులో కానుగచెట్టు కింద చూశారు. బ్యాంకు గోడ నీడన చూశారు. ఇంకో వీధిలో పందిరి వేసిన చోట చూశారు. బండిని కదిపిన మనిషి నీడ చూసే పెట్టి ఉంటాడని వాళ్లు నీడలు తప్ప ఇంకెక్కడా వెదకలేదు. “అన్నా, మా ఆటో పక్కకు తీసినారా? పురుగులుండాయి దాంట్లో” అని కనిపించినవాళ్లనల్లా అడిగాడు లింగప్ప. కొందరు పిచ్చివాడిని చూసినట్టు చూశారు. మనుషుల మీద ఇంత నమ్మకం ఉన్నవాడు ఈ రోజుల్లో మనకు పిచ్చివాడిగానే కనిపిస్తాడు.

చివరికి టీ బంకు దగ్గర ఉన్న ముసలామె జాలిపడి చెప్పింది. “నీడల్లో ఏం వెదుకుతారప్పా. పోలీసోళ్లు ఎత్తుకపోయినారు. స్టేషను వెనక బయలుండాది, ఆడుంటాది పో.”

అప్పుడు పరిగెత్తాడు లింగప్ప. తిప్పమ్మ ఎద పట్టుకొని వెనక నడిచింది.

స్టేషను వెనక బయలులో గడ్డిపోచ కూడా లేదు. ఎత్తుకొచ్చిన బండ్లన్నీ ఎండలో మాడుతున్నాయి. మూలన ఒక రేకుల పందిరి ఉంది. దాని కింద ఎస్సై సొంత కారు చల్లగా ఉంది. తిప్పేస్వామి ఆటో నడిమధ్యన, టార్పాలు కాలిపోయేంత ఎండలో నిలిచి ఉంది.

గేటు దగ్గర శశికుమార్ కుర్చీ వేసుకొని కూర్చున్నాడు.

“సార్, జరిమానా ఎంతైనా కడతాను. బండి ఇయ్యి సార్. పురుగులు సచ్చిపోతాయి” అన్నాడు లింగప్ప.

“బండి నీ పేరు మీద ఉండాదా?”

“మా బామ్మర్దిది సార్.”

“అయితే ఆయప్పనే రమ్మను. ఎస్సై సారు వచ్చి చూసినాక ఇస్తాం. సారు బందోబస్తుకు పోయినాడు.”

“బామ్మర్ది బెంగుళూరులో ఉండాడు సార్. సరే, బండి మీ కాడే ఉండనీ. ట్రేలు మాత్రం దించుకొంటాము. ఆ గోడ నీడన పెట్టుకొంటాము.”

“యార్డులోకి వచ్చిన బండిలో ఏదీ ముట్టుకోగూడదు. పోయిన నెల ఎవురో బ్యాటరీ ఎత్తుకపోతే నన్ను అన్నారు. నా ఉద్యోగానికి ఎసరు పెట్టొద్దప్పా.”

“అయితే నువ్వే ఆ పందిరి కిందికి జరుపు సార్. నువ్వే కదా నడుపుకొని వచ్చినావు” అంది తిప్పమ్మ.

శశికుమార్ పందిరి వైపు చూశాడు, కారు వైపు చూశాడు, తల దించుకొన్నాడు. “ఆడ సారు కారుండాది గదమ్మా” అన్నాడు.

పోనీ నీళ్లన్నా చల్లుకోనీమని బతిమాలారు. అదీ కుదరదన్నాడు. అతను రాక్షసుడేమీ కాదు. పైవాడి మాటకు భయపడి కళ్ల ముందు ప్రాణం పోతున్నా కుర్చీలోంచి లేవని మామూలు మనిషి. రాక్షసులను తిట్టడం తేలిక, ఇలాంటి మనుషులతోనే మన ఊళ్లు నిండి ఉన్నాయి.

తన స్కూటరునూ ఎత్తుకొస్తే విడిపించుకొందామని వచ్చి అక్కడే నిలబడిన ఒక పెద్దాయన ఇదంతా చూస్తున్నాడు. పేరు నరేంద్ర. మునిసిపాలిటీలో మేడలకు అనుమతులిచ్చే విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. ఆయనా శశికుమార్‌కు నాలుగు మాటలు చెప్పి చూశాడు, లాభం లేకపోయింది. విసుగ్గా లింగప్ప వైపు తిరిగాడు.

“ఏ ఆసుపత్రి కాడ పెట్టినావయ్యా బండి?”

లింగప్ప చెప్పాడు.

నరేంద్ర విసుగు మాని దగ్గరికి జరిగాడు. “ఆ మేడ కింద భాగమంతా బండ్ల కోసమే. రోగులతో వచ్చేవాళ్లు నిలుపుకొనేదానికని చూపించినందుకే ఆ మేడకు అనుమతి వచ్చింది. నేనే పోయి చూసినాను, అప్పుడు ఖాళీగా ఉండేది. తరువాత అంగళ్లకు బాడుగకిచ్చుకొన్నారు. మాకు తెలుసు. మా పైవాళ్లకూ తెలుసు. ఎవురమూ నోరు మెదపలేదు” అన్నాడు.

ఈ పెద్దమనిషి ఉద్యోగంలో ఉండగా మింగిన మాట ఇప్పుడు తన స్కూటరు పోయాక బయటికి వచ్చింది. మన పట్టణాల్లో నిజం బయటికి రావడానికి ఎవరి స్కూటరో పోవాలి కాబోలు. తిప్పమ్మ ఆ మాట విని, ఆటో వైపే చూస్తూ ఎండలో నేల మీద కూర్చుంది.

ఎస్సై వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. విషయం విని, “పురుగులా? ముందే చెప్పొచ్చు కదయ్యా” అని శశికుమార్‌ను కసిరి, గేటు తీయించాడు. లింగప్ప టార్పాలు విప్పాడు. గోనెపట్టలు ఎండి గరుకుగా ఉన్నాయి. తిప్పమ్మ వెంట తెచ్చిన లేత ఆకు సంచిలోంచి తీసి, వేళ్లతో తుంచి మొదటి ట్రేలో చల్లింది. ఆకు వాసన తగిలితే పురుగులు తలలెత్తాలి. ఆమె వంగి చూసింది. రెండో ట్రేలో చల్లింది, మూడో ట్రేలో చల్లింది. ఒక్క తలా లేవలేదు. అన్నీ నల్లబడి, మెత్తబడి ట్రేకు అంటుకొని ఉన్నాయి.

లింగప్ప ఆటో చక్రానికి ఆనుకొని కూలబడ్డాడు. “కన్నబిడ్డల్ని ఎండలో పెట్టి సంపినట్టు సంపినారు గదప్పా” అన్నాడు.

ఎస్సై కాస్త ఇబ్బంది పడ్డాడు. “సరేలే, మానవత్వంతో జరిమానా లేకుండా వదిలేస్తున్నా. బండి తీసుకుపో” అన్నాడు.

తిప్పమ్మ లేచి నిలబడింది. “వద్దు సార్. రాయండి. నిలపగూడని చోట నిలిపినాము, మా తప్పుకు మాకు రాయండి. మాకు రాసినట్టే తప్పు చేసినోళ్లందరికీ రాయండి” అంది. ఎస్సై రాయలేదు. ఫోను వచ్చినట్టు చెవికి పెట్టుకొని లోపలికి పోయాడు.

ఆమె నరేంద్ర వైపు తిరిగింది. “సార్, ఆ మేడ కింద జాగా బండ్లకేనన్నారు. నిజమేనా?”

“నిజమేనమ్మా.”

“నలుగురి ముందర చెప్తారా?”

ఆయన స్కూటరు సంగతి వదిలేశాడు. “చెప్తాను పద” అని ఆటో ఎక్కాడు.

మళ్లీ అదే ఆసుపత్రి. బోర్డు కింద తెల్ల కారు కదల్లేదు. లింగప్ప గొలుసు విప్పాడు. కాపలావాడు వద్దనేలోగానే ఆలుమగలిద్దరూ ట్రేలు చేతుల్లోకి తీసుకొన్నారు. ఏటవాలు దారి మొదట్లో తిప్పమ్మ చెప్పులు విడిచింది. పురుగుల షెడ్డులోకి చెప్పులతో పోయే అలవాటు ఆమెకు లేదు. మందుల షాపు ముందు, పంకాల చల్లగాలిలో, ట్రేలను ఒకదాని పక్కన ఒకటి పరిచింది. మందులకు వచ్చినవాళ్లు, రోగులు, నర్సులు చుట్టూ చేరారు.

మేడ యజమాని దిగివచ్చాడు. “ఏమిటీ గలీజు? ఎవరు పెట్టమన్నారు ఇక్కడ?”

“ఇది బండ్లు నిలిపే జాగానంట గదా సార్” అంది తిప్పమ్మ. “పొద్దున మీవాడు ఈడ నిలపనీలేదు. నిలిపింటే ఇవి బతికింటాయి. అందుకే ఇప్పుడు తెచ్చినాము.”

నరేంద్ర ముందుకు వచ్చి, ఆ చోటు దేనికోసమో, దాన్ని ఎవరు ఎలా మింగారో, అది తెలిసి తాను ఎలా నోరు మూసుకొన్నాడో, అందరికీ వినబడేలా చెప్పాడు. జనంలోంచి ఒకడు తన బండిని మూడుసార్లు ఎత్తుకుపోయారన్నాడు. కూతురిని పురిటికి తెచ్చిన ఒకామె, తన మొగుడు ఇప్పుడు కూడా స్టేషను దగ్గరే ఉన్నాడంది.

యజమాని ఫోను చేస్తే శశికుమార్ వచ్చాడు. “ఈ ట్రేలు ఎత్తించు ముందు. జనం నడిచే దారికి అడ్డంగా ఉన్నాయి” అని యజమాని ఆజ్ఞాపించాడు.

శశికుమార్ వంగాడు. ట్రేలో ఉన్నవి చూసి అతని చెయ్యి ఆగిపోయింది.

“ఎత్తుకొని పోప్పా” అంది తిప్పమ్మ. “నీడలో పెట్టినవి ఎత్తుకపోయి ఎండలో పెట్టేది నీకు అలవాటే గదా.”

శశికుమార్ ట్రే ముట్టుకోలేదు. నిటారుగా నిలబడి, ఆ షాపులను, గొలుసును, పైన రోడ్డు మీద బోర్డు కింద నిలిచిన తెల్ల కారును మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. అయ్యా, జరిమానాలు రాసే పెద్దలారా, మీరు కూడా చూడండి. బండి నిలిపే చోటును అమ్ముకొన్నవాడి దగ్గర ముందు జరిమానా వసూలు చేయండి, ఆ తరువాత నిలిపినవాడి దగ్గరికి రండి.